ఒంటిచేతి సేద్యం

— తృతీయ బి.ఎస్సీ. విద్యార్థి
(గణితం, భౌతికశాస్త్రం, కంప్యూటర్లు)

‘ఆట’ అన్న మాటకు ఇవాళ మన పల్లెల్లో మంచి పేరు లేదు. సెల్‌ఫోనులో ఆట అంటే రమ్మీ, రమ్మీ అంటే అప్పు, అప్పు తర్వాత జరిగేది అందరికీ తెలిసిందే. తెలంగాణ ప్రభుత్వం 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లోనూ ఆన్‌లైన్ రమ్మీ వంటి పందెపు ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టమే చేసింది. చేయవలసిన పనే చేసింది. కాకపోతే ఆ చట్టంలో డబ్బు పందెం లేని ఆటలను ప్రోత్సహించాలన్న మాట కూడా వుంది. నిషేధం సంగతి పత్రికల్లో మొదటి పేజీ కెక్కింది గాని ఈ రెండో సగం మాత్రం ఎవరికీ పట్టలేదు. నేను రాయదలచుకున్నది ఆ రెండో సగానికి చెందిన సంగతి.

జపాను దేశంలో ఒకే ఒక్క మనిషి, ‘కొటాకే క్రియేట్’ అన్న పేరుతో, ఒక భయపెట్టే ఆట తయారుచేసి 2023 నవంబరులో అమ్మకానికి పెట్టాడు. దాని పేరు ‘ది ఎగ్జిట్ 8’, అంటే ఎనిమిదో నంబరు బయటి దారి. ఖరీదు 470 యెన్లు. అమెరికాలో నాలుగు డాలర్లకు ఒక్క సెంటు తక్కువ. పదిహేను నిమిషాల నుంచి గంటలోపు అయిపోయే ఆట అని అమ్మేచోటే రాసిపెట్టాడు. అది పది లక్షల ప్రతులకు పైగా అమ్ముడు పోయింది. గెంకి కవమురా అనే దర్శకుడు దాన్ని సినిమాగా తీస్తే 2025 మే నెలలో కాన్ చలనచిత్రోత్సవంలో అర్ధరాత్రి ఆటగా వేశారు, ఆగస్టులో జపానులో విడుదల చేశారు.

ఇంత చేసీ ఆ ఆటలో ఏముందంటే, ఏమీ లేదు! ఒక భూగర్భ రైల్వే స్టేషనులో నడవా. తెల్లటి పలకల గోడలు. ఎడమవైపు వరుసగా కొన్ని పోస్టర్లు. కుడివైపు తలుపులు. పైన దీపాలు, పసుపు రంగు బోర్డు మీద 8 అంకె. ఎదురుగా చేతిసంచీతో ఒక నడివయసు మనిషి నడిచివస్తాడు, మనల్ని దాటిపోతాడు. నడవా చివర మలుపు తిరిగితే మళ్ళీ అదే నడవా, అవే పోస్టర్లు, అదే మనిషి. గోడమీద నియమాలు రాసి వుంటాయి. వాటి సారాంశం ఇది: ఏదైనా తేడా కనిపిస్తే వెంటనే వెనక్కి తిరుగు, తేడా లేకపోతే ముందుకు పో. సరిగ్గా చేస్తే అంకె ఒకటి పెరుగుతుంది. తప్పు చేస్తే సున్నాకు వస్తుంది. ఎనిమిది సార్లు వరుసగా సరిగ్గా చేస్తే బయట పడతావు. ఇంతే కథ. తుపాకులు లేవు, రక్తం కక్కే పిశాచాలు లేవు, మంత్రగాళ్ళు అసలే లేరు.

హాస్టల్లో మిత్రుని ల్యాప్‌టాప్ ముందు నలుగురం కూర్చుని దీన్ని ఆడాం. ‘ఇదేం భయం రా’ అన్నవాడే కాసేపటికి గొంతు తగ్గించి మాట్లాడటం మొదలుపెట్టాడు. తలుపు గుబ్బ వుండవలసిన చోట కాకుండా తలుపు నడిమధ్యన వుంది. అంతే! ఎవరూ మీదికి రాలేదు, ఏ చప్పుడూ కాలేదు. కాని రోజూ చూసే తలుపుకు గుబ్బ నడిమధ్యన వుంటే ఒళ్ళు ఎందుకు జలదరించాలి? ఇంకోసారి పోస్టరులోని ముఖం కళ్ళు మనం నడుస్తున్న వైపుకే తిరుగుతున్నాయి. ఇలాంటివి ఆ ఆటలో ముప్పై దాకా వుంటాయట. కొన్ని గుడ్డివాడికి కూడా కనిపించేంత పెద్దవి, నడవా నిండా ఎర్రటి నీళ్ళు వరదలా రావడం లాంటివి. నా మటుకు నాకు ఆ పెద్దవి నచ్చలేదు. వరద వస్తే పారిపోవాలని తెలుసుకోవడానికి ఆట దేనికి? గుబ్బ స్థానం మారడంలో వున్న భయం వరదలో లేదు.

వీటిని ఇంగ్లీషులో ‘అనామలీ’ అంటారు. మన పాఠ్యపుస్తకాల వాళ్ళయితే ‘అసంగతత్వం’ అనో ‘వైపరీత్యం’ అనో రాసి చేతులు దులుపుకుంటారు. మా ఇంట్లో దీనికి రెండక్షరాల మాట వుంది: తేడా. ‘మోటారు చప్పుడు తేడాగా వుంది’, ‘గేదె తేడాగా నిలబడింది’, ‘పెళ్ళివారి మాట తేడాగా వుంది’. ఏమైందో ఇంకా తెలియదు, ఏదో అయిందని మాత్రం తెలుసు. ఆ రెంటి మధ్యనున్న క్షణాన్ని పట్టుకుని ఆ జపాను మనిషి గంట సేపటి ఆట చేశాడు.

ఇది అతను శూన్యంలోంచి పుట్టించిందని ఎవరూ అనుకోనక్కరలేదు. 2014 ఆగస్టులో హిడియో కొజిమా ‘పి.టి.’ అనే చిన్న ఆట విడుదల చేశాడు. ఒకే ఇంటి నడవాలో మళ్ళీ మళ్ళీ తిరగడమే అందులోనూ పని. 2015లో కంపెనీ దాన్ని అంగడి నుంచి తీసివేసింది. 2018లో ‘అయామ్ ఆన్ అబ్జర్వేషన్ డ్యూటీ’ అని మరొకటి వచ్చింది. అర్ధరాత్రి పన్నెండు నుంచి పొద్దున్న ఆరు దాకా కాపలా కెమేరాల ముందు కూర్చుని, గదిలో కుర్చీ జరిగిందా, పటం మారిందా అని చూసి చెప్పడమే ఆట. ఆ మాటకొస్తే మన వారపత్రికల్లో, పిల్లల పేజీలో, రెండు బొమ్మలు పక్కపక్కన వేసి ‘తేడాలు కనిపెట్టండి’ అని అచ్చువేసేది కూడా ఈ వంశమే. కాని పత్రికలో రెండు బొమ్మలూ కళ్ళెదుట వుంటాయి. ఇక్కడ మొదటి బొమ్మ మన తలలో వుండాలి. పత్రికలో తేడా వుందని ముందే చెప్పేస్తారు, ‘పది తేడాలు’ అని లెక్క కూడా ఇస్తారు. ఇక్కడ అసలు తేడా వుందో లేదో తెలియదు. ఆ చిన్న మార్పుతో పిల్లల పేజీ కాస్తా పెద్దవాళ్ళ పీడకల అయింది.

కొంచెం సైన్సు మాట్లాడుకుందాం, లేకపోతే మా లెక్చరర్లు ఈ వ్యాసం దాటవేస్తారు.

మన కన్ను కెమేరా కాదు. చూసిందంతా మెదడు దాచుకోదు, ముఖ్యమనుకున్నది దాచుకుని మిగతాది ఊహతో పూరించుకుంటుంది. 1998లో సైమన్స్, లెవిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగం ప్రకటించారు. విశ్వవిద్యాలయ ఆవరణలో ఒకడు బాటసారిని ఆపి దారి అడుగుతాడు. చెబుతుండగా ఇద్దరు మనుషులు ఒక పెద్ద తలుపు మోసుకుంటూ వాళ్ళ మధ్య నుంచి వెళతారు. ఆ తలుపు చాటున దారి అడిగేవాడు మారిపోతాడు, వేరే మనిషి వచ్చి నిలబడతాడు. ఇంచుమించు సగం మంది మనిషి మారిన సంగతే గమనించకుండా దారి చెప్పడం కొనసాగించారు! ‘ఎగ్జిట్ 8’ నడవా చివర వుండే మలుపు ఆ తలుపు చేసే పనే చేస్తుంది. మలుపు లేకుండా తిన్నటి నడవా పెడితే మార్పు జరుగుతుండగా కనిపిస్తుంది. కదిలేదాన్ని కన్ను వెంటనే పట్టేస్తుంది. చాటు కావాలి. గొప్ప కళ అనిపించే ఆ మలుపులో వున్నది శుద్ధ శాస్త్రం.

రెండో సంగతి. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిషు రాడారు తెర ముందు కూర్చున్నవాళ్ళు కొంతసేపటికి శత్రువు జాడ తెర మీద వున్నా పట్టుకోలేకపోయేవారు. ఎందుకని నార్మన్ మాక్‌వర్త్ అనే శాస్త్రజ్ఞుడు ఒక గడియారం ముల్లుతో పరీక్ష పెట్టి 1948లో ఫలితాలు ప్రకటించాడు. ముల్లు ఒక్కొక్క గంతు వేస్తూ పోతుంది. ఎప్పుడో ఒకసారి రెండు గంతులు ఒకేసారి వేస్తుంది. దాన్ని పట్టుకోవాలి. రెండు గంటలు కూర్చోబెడితే మొదటి అరగంట తర్వాత మనుషుల చురుకు తగ్గిపోయింది. కాపలా అనేది అరగంట వ్యవహారం అన్నమాట. పదిహేను నిమిషాల నుంచి గంట అని ఆటకు పెట్టిన కొలత బద్ధకం కొద్దీ పెట్టింది కాదని నా అభిప్రాయం. ఇదే ఆట పది గంటలు సాగదీస్తే భయం పోయి ఆవలింత మిగులుతుంది. మన సినిమా వాళ్ళకు ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండును.

మూడోది లెక్క. నాణెం ఎగరేసినట్టు గుడ్డిగా ‘ముందుకా, వెనక్కా’ అని ఆడితే ఎనిమిది సార్లు వరుసగా నెగ్గే అవకాశం 256లో ఒకటి. తప్పినప్పుడల్లా సున్నాకు పోతుంది గనుక సగటున 510 సార్లు నడవా దాటితే గాని బయట పడరు. నడవాకు అర నిమిషం వేసుకుంటే నాలుగుంబావు గంటలు. అదే పదింట తొమ్మిది సరిగ్గా పట్టేవాడికి సగటున 13 సార్లు చాలు, ఏడు నిమిషాల లోపే. ఈ నియమం ఎంత కఠినమో చూడండి. అదృష్టాన్ని బయట నిలబెట్టి శ్రద్ధను లోపలికి పంపుతుంది. మన సెమిస్టరు పరీక్షల్లో నాలుగు జవాబుల ప్రశ్నలు పెట్టేవారు ఒకసారి ఆలోచించవలసిన విషయం.

ఈ ఆటలో నాకు అన్నిటికంటె నచ్చింది వేరే. తేడా వుండి చూడకపోవడం తప్పు. తేడా లేకపోయినా వుందనుకుని వెనక్కి పోవడమూ అంతే తప్పు. రెంటికీ ఒకటే శిక్ష. ఇందులో ఎంత నీతి వుందో మా నాన్నకు చెబితే ఆయనకు వెంటనే అర్థమైంది. ఎందుకంటే ఆయన జీవితమంతా ఈ రెండు తప్పుల మధ్యనే నడిచింది. పురుగు వుండి మందు కొట్టకపోతే తోట పోతుంది. పురుగు లేకుండా మందు కొడితే డబ్బు పోతుంది, భూమి పోతుంది, పురుగును తినే పురుగు పోతుంది. వ్యవసాయ శాస్త్రంలో ‘ఆర్థిక నష్ట పరిమితి’ అని ఒక గీత గీసి పెట్టారు, ఆ గీత దాటితేనే మందు కొట్టమని. కాని మందుల దుకాణంలో కూర్చున్నవాడికి మొదటి తప్పు గురించే తెలుసు. రెండో తప్పు మీద అతనికి లాభం వస్తుంది. రైతు భయపడితే చాలు, సీసా అమ్ముడుపోతుంది.

2021లో నేను ఇంటర్ చదువుతుండగా మిరప తోటల మీదికి నల్ల తామరపురుగు వచ్చింది. మన రెండు రాష్ట్రాల్లో మిరప వేసిన ఇళ్ళలో ఆ పేరు తెలియనివారుండరు. అది ఆకు మీద కాదు, పూవులో దాక్కుంటుంది. మా నాన్న గట్టుమీద నిలబడి, పురుగును చూడకముందే, ‘ఏరా, పూత తేడాగా వుంది’ అన్నాడు. పూలు రావలసినన్ని వున్నాయి, కాని నిలబడ్డ తీరు వేరు. మర్నాడు రెండు పూలు తెంపి అరచేతిలో దులిపితే నల్లటి నలుసులు కదిలాయి. కనిపెట్టినంత మాత్రాన తోట దక్కలేదు. ఏ మందు కొట్టినా ఆగలేదు, పూత రాలిపోయింది. ఆటకూ సేద్యానికీ వున్న వ్యత్యాసం అదే. ఆటలో తేడా కనిపెట్టినవాడికి వెనక్కి తిరగడానికి దారి వుంటుంది. అరక దున్ని, నారు నాటి, అప్పు తెచ్చి ఎరువు వేసినవాడికి వెనక నడవా ఎక్కడిది?

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. ఒక్కడే కూర్చుని ఆట తయారుచేయడం మనలాంటివాళ్ళకు తగిన పనేనా? ఈ మధ్య కంప్యూటరు చదివే ప్రతి రెండో మిత్రుడూ ‘నేనూ ఒక గేమ్ చేస్తా’ అంటున్నాడు. అందుకే దీన్ని రైతుబిడ్డగా ఆదాయ వ్యయాల లెక్కన చూద్దామని నా ప్రయత్నం.

ముందు పెట్టుబడి. ‘ఎగ్జిట్ 8’ తయారైంది ‘అన్‌రియల్ ఇంజిన్ 5’ అనే పనిముట్టు మీద. దానికి ముందుగా కట్టవలసింది ఏమీ లేదు. అమ్మకం పది లక్షల డాలర్లు దాటాక, దాటిన దానిమీద నూటికి ఐదు ఇవ్వాలి. మన భాషలో పంట వచ్చాక ఇచ్చే కౌలు. పండకపోతే కౌలు లేదు! ఇంత మంచి భూస్వామి మా మండలంలో ఎవరూ లేరు. మిగతా పెట్టుబడి ఒక మంచి కంప్యూటరు, బోలెడంత కాలం. ఈ రకం ఆటలో నడవా ఒక్కటే కట్టాలి, దాన్నే వందసార్లు వాడుకోవచ్చు. నగరం కట్టనక్కరలేదు, సైన్యం నడిపించనక్కరలేదు. ఒంటరివాడు తన చేతికందేంత నేలే దున్నాడు, ఆ నేలను మాత్రం బాగా దున్నాడు. పెద్ద కంపెనీల్లో వందలమంది ఏళ్ళ తరబడి చేసేదానితో పోటీకి పోకుండా, గోడ పలకల మీద దీపపు వెలుతురు ఎలా పడాలో చూసుకున్నాడు. నేల మీద గట్లున్న పసుపు పలకలు కూడా వదలలేదు. అవి చూపు లేనివారు పాదంతో దారి తెలుసుకోవడానికి వేసేవి. సెయిచి మియాకె అనే జపాను దేశస్థుడు 1965లో కనిపెట్టాడు, 1967లో ఒకయామా నగరంలో మొదట పరిచారు, ఇప్పుడు మన రైల్వే ప్లాట్‌ఫారాల మీద కూడా వున్నాయి. కళ్ళకు పరీక్ష పెట్టే ఆటలో కళ్ళులేనివారి దారి! అతను కావాలని పెట్టాడో, స్టేషను అన్నాక వుంటాయి గనుక పెట్టాడో గాని, నాకు మాత్రం అక్కడ కాలు ఆగింది.

తర్వాత మార్కెట్ యార్డు. కంప్యూటరు ఆటలకు పెద్ద యార్డు ‘స్టీమ్’. సరుకు పెట్టడానికి ఆటకు వంద డాలర్లు కట్టాలి. అమ్మకంలో నూటికి ముప్పై వాళ్ళకు పోతుంది. ముప్పై! మా యార్డులో కమీషన్ ఏజెంటు ఇంత అడిగితే రాస్తారోకో జరిగేది. పైగా 2018లో వాళ్ళొక సవరణ చేశారు. కోటి డాలర్ల అమ్మకం దాటినవారికి ఆపైన పాతిక శాతమే, ఐదు కోట్లు దాటితే ఇరవై శాతమే. అంటే పెద్ద రైతుకు కమీషన్ తగ్గింపు, చిన్న రైతుకు నిండు కమీషన్. సముద్రం దాటినా ఈ న్యాయం ఒకటేలా వుంది.

ఇంతకంటె నన్ను కలవరపెట్టింది వాపసు నియమం. కొన్న పద్నాలుగు రోజుల లోపల, రెండు గంటలకు మించి ఆడకుండా వుంటే, ఏ కారణం చెప్పకపోయినా డబ్బు తిరిగి ఇచ్చేస్తారు. కొనేవాడికిది మంచి నియమమే, కాదనను. కాని గంటలో అయిపోయే ఆట మాటేమిటి? మామిడిపండు తిని, టెంకె తెచ్చి, ‘నా డబ్బు నాకివ్వు’ అన్నట్టు కాదూ? 2021లో ‘సమ్మర్ ఆఫ్ 58’ అనే భయపు ఆట చేసిన ‘ఎమికా గేమ్స్’ సరిగ్గా ఈ దెబ్బే తింది. ఆడినవారు బాగుందని మెచ్చుకున్నారు, మెచ్చుకున్నవారిలోనే చాలామంది డబ్బు వెనక్కి తీసుకున్నారు. ఆ ఆట రెండు గంటలు నిండదు. ఇక ఆటలు చేయడం ఆపేస్తున్నానని ఆ తయారీదారు ప్రకటించవలసి వచ్చింది. ఇందుకు విరుగుడు ఆటను బలవంతంగా రెండున్నర గంటలు సాగదీయడమని కొందరి సలహా. మాక్‌వర్త్ గడియారం సంగతి పైన చెప్పాను కదా, మళ్ళీ చెప్పను. వాపసు నియమం తీసేయమని నేననడం లేదు. ఆటను చివరిదాకా ఆడినట్టు యంత్రానికే తెలుస్తుంది, చివరిదాకా ఆడినవాడికి వాపసు లేదంటే సరిపోతుంది. ఇంత చిన్న మాట అంత పెద్ద కంపెనీకి తోచలేదంటే నమ్మడం కష్టం. ‘ఎగ్జిట్ 8’ ఈ గండం గడవడానికి ధర ఒక కారణమై వుంటుందని నా ఊహ. అంత తక్కువ మొత్తానికి వాపసు అడగడానికి మనిషికి మొహమాటం వేస్తుంది.

ఇక అందరూ మరచిపోయే సంగతి, మా నాన్న మరచిపోనిది, ‘ఒకడికి పండింది చూసి ఊరంతా వేయడం’. మిరపకు ధర వచ్చిన మరుసటి ఏడు చూడండి, కందిచేలు కూడా మిరప అవుతాయి. ఆ ఏడు ధర పడిపోతుంది. ఆర్థికశాస్త్రంలో దీనికి ‘సాలెగూడు’ అని పేరు పెట్టారట. ‘ఎగ్జిట్ 8’ తర్వాత ఇదే జరిగింది. జపానులో వీటికి ‘ఎనిమిదో నంబరు లాంటివి’ అని జాతి పేరే పుట్టింది. నడవా బదులు రైలుపెట్టె, రైలుపెట్టె బదులు బడి, బడి బదులు ఆసుపత్రి, ఇలా. వీటిలో మంచివి లేకపోలేదు. 2024లో వచ్చిన ‘షింకన్‌సెన్ 0’ ఇద్దరు అన్నదమ్ములు కలిసి చేసింది, ఆదరణ పొందింది. కాని మిగతావి? 2024 ఒక్క ఏడాదిలోనే స్టీమ్ యార్డుకు వచ్చిన కొత్త ఆటలు 18 వేలకు పైగా. రోజుకు యాభై! వాటిలో నూటికి తొంభై పేర్లు వాటిని చేసినవారి ఇంట్లో వాళ్ళకు తప్ప తెలియవు. పది లక్షలు అమ్ముడైన ఒక్క ఆట గురించి వ్యాసాలు రాస్తారు (నేనూ రాస్తున్నాను), పదకొండు అమ్ముడైన ఆట గురించి ఎవరు రాస్తారు? కాబట్టి ‘ఉద్యోగం మానేసి గేమ్ చేస్తా’ అనే మిత్రునికి నా సలహా, మానకు. ‘నాన్న పొలం అమ్మించి’ అనేవాడికి సలహా ఇవ్వను, వాళ్ళ నాన్న ఫోన్ నంబరు అడుగుతాను.

అయితే ఈ పని చేయకూడదా? చేయాలి. జీవనాధారం కోసం కాదు, చదువు కోసం చేయాలి. నా వాదమంతా ఇక్కడే వుంది. మన డిగ్రీ ప్రాజెక్టులు ఎలా జరుగుతున్నాయో ఇక్కడ దాచిపెట్టి లాభం లేదు. ఏటా అవే ‘లైబ్రరీ నిర్వహణ’, ‘ఆసుపత్రి నిర్వహణ’, ‘బస్సు టిక్కెట్ల నిర్వహణ’. బజారులో బంగారు అక్షరాల బైండింగుతో సహా తయారుగా దొరుకుతాయి. సీనియరు పేరు తీసి జూనియరు పేరు వేస్తే సరి. ఆ ప్రోగ్రాము నడుస్తుందో లేదో కూడా ఎవరూ చూడరు. ఎందుకంటే దాన్ని వాడేవాడు ఒక్కడూ లేడు. ఆట అలా కాదు. ఆట నడవకపోతే ఎదురుగా కూర్చున్న మిత్రుడు రెండు నిమిషాల్లో లేచిపోతాడు. భయం పుట్టకపోతే నవ్వుతాడు. వైవాలో ఇంతకంటె కఠినమైన పరీక్షకుణ్ణి ఏ విశ్వవిద్యాలయమూ నియమించలేదు.

తేడాలు కనిపెట్టే ఆట ఒక్క సెమిస్టరులో, ముగ్గురు విద్యార్థులతో, పూర్తిగా ముగించగల పని. ‘పూర్తిగా’ అన్న మాట కింద గీత గీయాలని వుంది. త్రిమాన గణితం కావాలి, కాంతి పడే తీరు తెలియాలి, సంభావ్యత కావాలి, ధ్వని కావాలి. అన్నిటికంటె ముందు ఒక చోటును శ్రద్ధగా చూడటం రావాలి. తేడా పెట్టాలంటే మామూలుగా ఎలా వుంటుందో తెలియాలి కదా! మన పాత భవనంలో ఫిజిక్సు ప్రయోగశాలకు పోయే నడవా తీసుకోండి. మూడేళ్ళు అందులో నడిచినవాళ్ళం. గోడమీద పెద్దల పటాలు ఎన్ని? ఏ పటానికి అద్దం పగిలింది? నోటీసు బోర్డు తాళం ఏ వైపున వుంది? మూడో ఫ్యాను తిరుగుతుందా? నేనొక పదిమందిని అడిగాను. పటాలు నాలుగని ఒకరు, ఏడని ఒకరు, ‘పటాలున్నాయా?’ అని ఒకరు.

భయానికి కొదవ లేదు. రాత్రి పొలం నుంచి వస్తుంటే గట్టుమీద రోజూ వుండే మూడు తాడిచెట్లు నాలుగుగా కనిపిస్తే ఎలా వుంటుందో పల్లెటూరి పిల్లవాడికి ఎవరూ నేర్పనక్కరలేదు. మనవాళ్ళ భయపు సినిమాల్లో తెల్లచీరలు, గజ్జెల చప్పుళ్ళు చూసి చూసి మొద్దుబారిపోయాం. అసలు భయం మన వాకిట్లోనే వుంది. రోజూ ముగ్గు పడే వాకిట్లో ముగ్గు తిరగేసి వుండటంలో, నాయనమ్మ ఎడమచేత్తో అన్నం వడ్డించడంలో. దీన్ని మన నడవాలతో, మన వాకిళ్ళతో మనవాళ్ళే చేస్తే, జపాను స్టేషను చూసి ముచ్చటపడ్డవాళ్ళు దీన్నీ చూడరా? వాళ్ళ స్టేషను మనకేమైనా తెలిసిన చోటా? అయినా భయపడ్డాం కదా.

మా కంప్యూటరు ల్యాబులో ఈ పనికి సరిపోయే యంత్రాలు నాలుగే వున్నాయి, అవీ సాయంత్రం నాలుగున్నరకు తాళం పడతాయి. లెక్చరర్లు పెద్దమనసు చేసి ఎనిమిది దాకా తెరిచివుంచితే, కాపలాకు మేమే వంతులు వేసుకుంటాం. విద్యార్థి సంఘం వారు వార్షికోత్సవానికి షామియానాకు, మైకు సెట్టుకు పెట్టే ఖర్చులో కొంత తగ్గించుకుంటే ఒక ఆటకు యార్డు రుసుము వంద డాలర్లు వచ్చేస్తుంది. అమ్మకం వెయ్యి డాలర్లు దాటితే ఆ వందా తిరిగి ఇచ్చేస్తారు. దాటకపోతే, వచ్చే ఏడు మైకు కాస్త చిన్నది పెట్టుకుందాం.